ఉచిత యాంటీవైరస్: ఏది పెట్టుకోవాలి?

కొత్త కంప్యూటర్ కొనగానే చాలామంది అడిగేది, "ఫ్రీ యాంటీవైరస్ ఏది వేయించమంటారు?" అని. విండోస్ 10, 11 ఉన్నవాళ్లకు నా జవాబు ఒకటే: అందులోనే ఉంది. పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి తెరవండి. షీల్డు బొమ్మ మీద ఆకుపచ్చ టిక్కు కనిపిస్తే అది పనిచేస్తున్నట్టే.

కాదు, బయటిదే కావాలంటారా? ఒక్కటే పెట్టుకోండి. అది ఎక్కగానే డిఫెండర్ మామూలుగా తనంతట తనే తప్పుకుంటుంది. బయటివి రెండు పెడితే మాత్రం ఒకదానికొకటి అడ్డం పడి, కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది.

సరే, ఊరికే ఇస్తే కంపెనీకి డబ్బెలా వస్తుంది? డబ్బు కట్టే వెర్షన్ కొనమని కొన్ని రోజూ పోరుతుంటాయి. అది భరించొచ్చు. అవాస్ట్ అనే యాంటీవైరస్ సంగతి వేరు. జనం ఏయే వెబ్‌సైట్లు చూస్తున్నారో ఆ సమాచారాన్ని అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందన్న అభియోగంపై, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కోటీ 65 లక్షల డాలర్లకు రాజీపడింది. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కుకుంటూ పోకండి. డేటా పంచుకోవడానికి ఒప్పుకుంటున్నానని ఉన్నచోట టిక్కు తీసేయండి.

ఏది మెరుగో తేల్చుకోవడానికి జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ సంస్థల పరీక్షా ఫలితాలు చూడొచ్చు. ఇప్పటికే ఏదో వైరస్ సోకిందని అనుమానమా? కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం అలాంటివాటిని తొలగించే టూల్స్ ఉచితంగా ఇస్తోంది. "ముందు యాంటీవైరస్ ఆపేయండి, తర్వాత ఇన్‌స్టాల్ చేయండి" అనే క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం వెళ్లొద్దు.