గుళికలు తినని మాండరిన్ చేప

బ్నీద్ అల్ గార్ నుంచి మాట్లాడుతున్నా. రూములో సముద్రపు చేపలు బతుకుతాయా అన్నా అని మనోళ్లు అడుగుతుంటారు. బతుకుతాయి. కానీ ఈరోజు నా చేతిలో బతకని చేప గురించి చెప్తా. దాని పేరు మాండరిన్.

వేలు పొడుగుంటాది. నీలం మీద నారింజ గీతలు, పట్టుచీర అంచు మాదిరి. అల్ రాయ్ శుక్రవారం సంతలో చూసి ఆగలేక కొన్నా. ‘ఏమేసినా తింటాది’ అన్నాడు అమ్మినాయన. గుళికల మేత వేస్తే మిగతా చేపలు ఎగబడేవి, ఇది మాత్రం రాళ్ల మీద ఏదో పొడుచుకుంటూ తిరిగేది. తింటోందనే అనుకున్నా. పొద్దున సైటుకి పోయి రాత్రికొచ్చి పైపైన చూసేవాణ్ణి. ఆరో వారానికి పొట్ట లోపలికి పోయింది, వీపు కత్తిలా తేలింది. ఇంకో నాలుగు రోజులే. రోగం కాదు, ఆకలి. మేత వేస్తున్న తొట్లోనే పస్తుండి చచ్చింది. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటాది.

దానికి కావాల్సింది కోపెపాడ్లు. రాళ్లను పట్టుకుని ఉండే, నలకంత జీవులు. పగలంతా ఒక్కొక్కటే ఏరుకుంటాది. చిన్న తొట్లో అవి కొన్ని వారాల్లోనే అయిపోతాయి. కొత్త తొట్లో అయితే అసలు ఉండవు.

ఏడాది తర్వాత మళ్లీ కొన్నా. ఈసారి దుకాణంలోనే తినిపించి చూపించమన్నా. ముందుగానే ఆర్టీమియా పొదగడం నేర్చుకున్నా. బాపట్ల, నెల్లూరు రొయ్యల హేచరీల్లో చేసినోళ్లకు ఇది తెలిసిందే, రొయ్య పిల్లలకు పెట్టేది ఇదే. నీళ్ల బాటిల్ అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు ఉప్పునీళ్లు, అర టీస్పూను గుడ్లు, మూత దగ్గర్నుంచి గాలి గొట్టం. 28 డిగ్రీలుంటే ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలాగితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందికి చేరతాయి. కింది నీళ్లు మాత్రమే పల్చటి గుడ్డలో వడగట్టి, కడిగి, వెంటనే పెట్టాలి. ఆలస్యమైతే వాటిలోని సత్తువ వాటికే ఖర్చయిపోతాది. ముందు మిగతా చేపలకు గుళికలు వేసి, పంపు ఆపి, సిరంజితో దీని ముందర వదలాలి.

ఇంకోటి, ఏసీ గదిలో తొట్టి నీళ్లు తగ్గుతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. తగ్గినంతా మంచినీళ్లే పోయండి.

మరి సెలవు మీద ఊరికి పోతే? రోజూ పొదిగి పెట్టేందుకు మా రూములో తమ్ముడొకడు ఒప్పుకున్నాకే నేను రెండోది కొన్నా. మీకు అట్లాంటోడు లేకపోతే క్లౌన్ చేప తీసుకోండి. అది గుళికలు తింటాది, ఎవరేసినా తింటాది.