ఐరేని కుండలు



కుండలను గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు మన సూరజ్‌కుండ్ మేళా జ్ఞప్తికి వచ్చినది. 1987 నుండి జరుగుచున్న ఆ మేళాలో కుండను వ్రేలితో తట్టి, బేరమాడి, కొనకయే వచ్చినవారిలో నేనును ఒకడను.

మన పల్లెలలో కుమ్మరి చెరువుమట్టిని తెచ్చి, రాళ్లేరి, నానబెట్టి, కాళ్లతో త్రొక్కి మెదుపును. సారెపై మూతియు మెడయు తీరును, అడుగు మిగిలియుండును. కొంత ఆరిన పిమ్మట లోపల రాయి నుంచి, వెలుపల చెక్కతో కొట్టి కొట్టి కుండను సాగదీయును. ఎంతవరకు పలుచన చేయవచ్చునో చేతికే తెలియును. ఆవములో పగిలినదానికి వెల లేదు.

పెండ్లికి మేళతాళములతో ఆ యింటికే పోయి ఐరేని కుండలు తెచ్చుకొనుట మన ఆచారము. 2016లో నా కుమార్తె వివాహము ఫరీదాబాదులో జరిగినది. కుండలను ఇచ్చటి కుమ్హార్ ఒకడు చేసి యిచ్చెను. అతని కుమారుడు కర్మాగారమునకు పోవుచున్నాడట. కుండలు దొరికినవిగాని, వానిపై వ్రాయవలసిన గీతలు నాకును నా భార్యకును జ్ఞాపకము లేవు.

ఇట్టి కొరతయే అమెరికాలోని అరిజోనాయందు హోపీలకు నొకప్పుడు కలిగెను. అచ్చట కుండలు చేయువారు స్త్రీలు; సారె లేదు. మట్టిని త్రాడువలె పేని, చుట్టమీద చుట్ట పేర్చి, నున్నని రాతితో మెరుగుపెట్టి, యుక్కా ఆకు కుంచెతో చిత్రించి, గొఱ్ఱెపెంటతో కాల్తురు. పూర్వుల చిత్రణము మరుగుపడగా, నాంపేయో యను నామె సిక్యాట్కి యను పాడుపడిన గ్రామపు పెంకులను చూచి ఆ రేఖలను బ్రతికించినది. 1895లో ఫ్యూక్స్ అచ్చట త్రవ్వకములు జరిపెను. పెంకులను చూచినవారు పెక్కురు; ఆమె చేతికి మాత్రము చిన్ననాటనే మట్టి తెలియును. ఆమె పుట్టిన హానో గ్రామమువారు 1680 నాటి తిరుగుబాటు తరువాత రియో గ్రాండే తీరమునుండి వలస వచ్చిన టేవాలు. తమ భాషను నేటికిని విడువలేదు. (ఢిల్లీ తెలుగువారి పిల్లల మాట ఇప్పుడెత్తను.) చూపు పోయిన పిమ్మట నాంపేయో తడిమి కుండలు చేయగా కుమార్తెలు చిత్రించిరి. 1942లో ఆమె మరణించెను.

మా అత్తగారికి అప్పటికి ఎనుబది దాటినవి. సున్నపు గిన్నె ముందుంచగా ఆమె చేయి కొంత వణకి, పిదప తనంత తానే సాగినది. మొదటి కుండ ఆమె వ్రాసినది. తక్కినవి పెండ్లికూతురు ప్రక్కన కూర్చుండి చూచి వ్రాసినది. ఒక గీత వంకరపోయినది, అట్లే యుంచితిమి. విందునకు వచ్చిన కుమ్హార్ ఆ గీతలను కాగితముపై దింపుకొని పోయెను. మీ యింట పెండ్లి కుదిరినచో చెప్పుడు. అతని యిల్లు చూపెదను. బేరము మాత్రము ఆడవలదు.