దొరకూ జీతగానికీ ఒకటే ‘ఎస్’

(మేళ్లచెరువులో రాత్రిపూట ఇంగ్లీషు నేర్చుకుంటున్న వారి ముందు చేసిన ప్రసంగ పాఠం)



సిమెంటు ఫ్యాక్టరీల డ్యూటీ దిగి, మొఖం కడుక్కొని నేరుగా ఇటే వచ్చిన్రు. 2022-23 నుంచి మన పిల్లలకు సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం మొదలైంది. మనకే ఎవరూ చెప్పలేదు. బాబాసాహెబ్ లాహోర్ సభ కోసం ఇంగ్లీషులో రాసిన ప్రసంగాన్ని నిర్వాహకులు చదవనీయలేదు. ఆయన 1936లో దాన్ని సొంతంగా అచ్చు వేయించి దేశం ముందు పెట్టిండు. అట్లా పెట్టాలంటే వాక్యం రావాలె గదా!

తెలుగులో పనిమాట చివర్న వస్తది: ‘నేను రాళ్లు మోస్తాను.’ ఇంగ్లీషులో చేసే మనిషి, పని, ఆ తర్వాతే వస్తువు: ‘ఐ క్యారీ స్టోన్స్.’ తెలుగులో ‘నేను కూలీని’ అంటే సరిపోతది. ఇంగ్లీషులో మధ్యన ‘యామ్’ లేకపోతే వాక్యం నిలబడదు: ‘ఐ యామ్ ఎ వర్కర్.’ ఇది నాలుగు రోజులు నోట్లో నానితే అదే వస్తది.

‘హి’ దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. తెలుగులో క్రియ వింటేనే ఎవరు ఏ వాడోళ్లో తెలుస్తది. దొర ‘వచ్చారు’, జీతగాడు ‘వచ్చిండు’. తాత వయసున్న మనిషిని కూడా ‘వాడు’ అన్న ఊళ్లు మనవి. మన తల్లులకు ఇంకా అన్యాయం. దొరసాని ‘వచ్చారు’, మా అమ్మ ‘వచ్చింది’, బర్రె కూడా ‘వచ్చింది’. ఇంగ్లీషులో దొరైనా జీతగాడైనా ‘హి కమ్స్’. ఇద్దరికీ అదే ‘ఎస్’. అమ్మ ‘షి’, బర్రె ‘ఇట్’. ఎదురుగా కలెక్టరున్నా, పసిపిల్లాడున్నా ‘యు’. ఆ ‘ఎస్’ హి, షి, ఇట్‌లకే, అదీ వర్తమానంలోనే. ఐ, యు, వి, దేలకు వద్దు.

తెల్లోళ్లు సమానత్వం మీద ప్రేమతో ఇట్లా పెట్టిన్రనుకోకండి. వాళ్లకూ కిందోళ్లను పిలవడానికి ‘దౌ’ అనే మాట ఉండె, వాడుకలోంచి జారిపోయింది. అర్జీల్లో ‘ఐ బెగ్ టు స్టేట్’ అని మనతో రాయించిందీ ఆ భాషే. బెగ్ అంటే అడుక్కోవడం. కొట్టేయండి. ‘ఐ స్టేట్’ చాలు.

అర్జీ అంటే నా సంగతి చెప్పాలె. కాంట్రాక్టు కింద పనిచేసే రోజుల్లో ‘ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అని రాసిచ్చిన. ఆ కాగితం చూసి కాంట్రాక్టరు మనిషి నవ్విండు: ‘పని మానేసినట్టు నువ్వే రాసినవు గదరా!’ నిజమే, ఆ వాక్యం పని అయిపోయిందనే చెప్తది. ‘ఐ హ్యావ్ వర్క్‌డ్’ అనాలె, అప్పుడు ఇంకా చేస్తున్నట్టు. పదేళ్ల సర్వీసు ఒక్క ‘హ్యావ్’ మీద ఊగులాడింది. ఎంతకాలమో చెప్పేటప్పుడు ‘ఫర్’: ఫర్ టెన్ ఇయర్స్. ఎప్పట్నుంచో చెప్పేటప్పుడు ‘సిన్స్’: సిన్స్ 2015. ‘ఫ్రమ్ టెన్ ఇయర్స్’ అనేది మన తెలుగు ‘నుంచి’ తెచ్చే తిప్పలు.

ఇంకొకటి. ‘వేజెస్ వర్ నాట్ పెయిడ్’ అని రాస్తరు. తప్పు లేదు. కానీ కూలి ఎగ్గొట్టినోడు ఆ వాక్యంలో ఎక్కడున్నడు? వాణ్ణి ముందుకు పట్టుకురండి: ‘ద కాంట్రాక్టర్ డిడ్ నాట్ పే అవర్ వేజెస్.’ ‘డిడ్’ వచ్చినంక ‘పెయిడ్’ కాదు, ‘పే’.

ఇగో చాక్‌పీసు. ఎవరికి ఎన్ని నెలలు రావాల్నో, ఎవరు ఇయ్యలేదో ఒక్కొక్కరు బోర్డు మీద రాయండి. ముందు వెనక కూసున్న అక్కలు రండి.