ముస్ ఊరి పంతులు



ఏ మాస్టారి పేరు మీద ఈ స్మారకోపన్యాసం ఏర్పాటైందో, ఆ మాస్టారి దగ్గరే నేను అ ఆలు దిద్దుకున్నాను. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో వలలు ఆరేసే చోటుకి ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు మా బడి. ఆయన సంగతి చివర్లో చెబుతాను. ముందు మిమ్మల్ని ఇంకో పంతులుగారి దగ్గరికి తీసుకెళ్లాలి.

కార్ నికోబార్ దీవి ఉత్తరపు కొసన ముస్ అనే ఊరుంది. 1890ల మధ్యలో వేదప్పన్ సాలొమన్ అనే తమిళుడు అక్కడికి వచ్చి బడి నడిపారు. ఆయన రాసుకున్న దినచర్యలో కొన్ని భాగాలు 1902లో బ్రిటన్‌లోని మానవశాస్త్ర పరిషత్తు పత్రికలో అచ్చయ్యాయి. శీర్షికలో పేరు వెంట ఆయన కొలువులన్నీ వరసగా వేశారు: మతబోధకుడు, ఉపాధ్యాయుడు, వాతావరణ పరిశీలకుడు, రేవు అధికారి, ప్రభుత్వ ప్రతినిధి. ఒక్క మనిషికి అయిదు కొలువులు! ఆ వరస మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. వాన ఎంత పడిందో కొలవాలి. కొబ్బరికాయల కోసం వచ్చిన వర్తకుల ఓడ వివరాలు రాసుకోవాలి. మధ్యలో ఎక్కడో పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాలి. మారుమూల బడి అంటే ఇదే. అక్కడ బడి అంటే కట్టడం కాదు, పంతులే. ఆయన ఓడ దిగితే బడి దిగినట్టు, ఆయన మంచం పడితే బడి మూతపడినట్టు.

ఆ పిల్లలు ఏమీ తెలియనివాళ్లని అనుకుంటే పొరపాటు. నికోబారీలు కొబ్బరికాయల్ని జతలుగా, ఇరవైలుగా లెక్కపెట్టేవారు. వర్తకుడి దగ్గర కొన్న సరుకుకు వెల కట్టిందీ కాయల్లోనే. మన పెద్దలు నాలుగింటిని ఒక పుంజీ అన్నట్టే వాళ్లకూ సొంత లెక్క ఉండేది. లేనిదల్లా రాత. వర్తకుడి పద్దుపుస్తకంలో తన పేరు మీద ఎన్ని కాయల అప్పు రాశారో చదువుకోలేని మనిషికి, లెక్క ఎంత బాగా వచ్చినా ఏం లాభం? ముస్ బడి విలువ నాకు అక్కడే కనిపిస్తుంది.

ఈ దీవుల్లో అది మొదటి ప్రయత్నం కాదు. 1768లో డేన్మార్క్ వారి తరంగంబాడి నుంచి మొరావియన్ మిషనరీలు నాన్‌కౌరి దీవికి చేరారు. 1787లో వదిలేసి వెళ్లిపోయారు. అక్కడ ఏళ్ల తరబడి ఉన్న హెన్సెల్ అనే మిషనరీ రాసిన ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. జ్వరాలతో ఒకరి వెనక ఒకరు పోయిన కథ అది. వాళ్ల ఓర్పుకి నేను చేతులు జోడిస్తాను. కానీ ఇరవై ఏళ్ల దగ్గర దగ్గర శ్రమపడినా, వాళ్ల తర్వాత ఆ పని అందుకోవడానికి దీవి మనిషి ఒక్కడూ తయారు కాలేదు.

ముస్‌లో తయారయ్యాడు. 1884లో పుట్టిన హా చెవ్ కా అనే కుర్రాడు సాలొమన్ శిష్యుడై, జాన్ రిచర్డ్‌సన్‌గా బర్మాలోని మాండలేకి చదువుకోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చి తన దీవిలోనే పంతులయ్యారు. బైబిలు కొత్త నిబంధనని నికోబారీలోకి తెచ్చారు. పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిందీ ఆయనే. 1950లో బిషప్ అయ్యారు. 1952లో మొదటి లోక్‌సభకు ఈ దీవుల నుంచి నామినేట్ అయ్యారు. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్. ఈ పదవులూ పతకాలూ అందరికీ తెలిసినవే. నా మనసు ఆగేది వేరే చోట. శిష్యుడు పంతులైన రోజునే ఆ బడి దీవిదైంది.

పోర్ట్‌బ్లెయిర్ వైపు కథ వేరు. 1858లో ఖైదీలతో మొదలైన ఊరు. ఇక్కడ చదువు చెప్పినవాళ్లలో ఖైదీలూ ఉన్నారు. 1866లో ద్వీపాంతర శిక్ష మీద వచ్చిన జాఫర్ థానేసరి ఇంగ్లీషు దొరలకే భాష నేర్పాడు. కాపలా కాసేవాడు శిష్యుడు, సంకెళ్లతో వచ్చినవాడు గురువు. ఖైదీల తర్వాత వలసవాళ్లు వచ్చారు. 1925లో బర్మా నుంచి కరెన్ తెగవాళ్లు వచ్చి మధ్య అండమాన్‌లో వెబీ ఊరు కట్టుకున్నారు. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. ఆ తర్వాత శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి మన జాలర్లు. 2011 జనగణన నాటికి ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. సర్కారు బడుల్లో బోధనాభాషగా హిందీ, బెంగాలీ, తమిళాల పక్కన తెలుగూ నిలిచింది. ఇది చిన్న విషయం కాదు. సముద్రానికి ఇవతల ఇన్ని భాషల మధ్య ఒక భాషకు బడి దొరకడం అంటే, ఆ భాష మాట్లాడేవాళ్లను ఈ నేల తనవాళ్లుగా ఒప్పుకున్నట్టు.

ఇప్పుడు మనవాళ్లే పిల్లల్ని ఇంగ్లీషు మీడియానికి పంపుతున్నారు. వాళ్లను తప్పుపట్టను, నా పిల్లలూ అక్కడే చదివారు. కానీ సాలొమన్‌కి ఒక రిచర్డ్‌సన్ దొరికినట్టు, మన తెలుగు పంతుళ్లకు ఈ ఒడ్డున పుట్టిన శిష్యులు ఎంతమంది దొరికారు? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మాస్టారి దగ్గరికి వస్తాను. ఆయన హాజరుపట్టీలో రాని పిల్లల పేర్ల పక్కన కారణం రాసేవారు. "షిప్పు" అని ఉంటే మెయిన్‌లాండ్ ఓడ వచ్చిందని, పిల్లలు జెట్టీకి వెళ్లారని. "వల" అని ఉంటే ఇంట్లో చేతులు చాలలేదని. ఒక నెలలో నా పేరు పక్కన వరసగా నాలుగు రోజులు "వల" పడింది. అయిదో రోజు పొద్దున్నే ఆయనే ఒడ్డుకు వచ్చి, పంచె ఎగ్గట్టి మా నాన్న పక్కన గొంతుక్కూర్చున్నారు.

"ఒరే, పడవకో పాలు, వలకో పాలు, మనుషులకి తలా ఒకటి. మొత్తం ఎన్ని పాళ్లు?" అన్నారు.

ఆరుగురు మనుషులు. ఎనిమిది అన్నాను.

"అయితే పంచు."

మా నాన్న చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు చేపలు పంచింది నేనే. ఎనిమిది కుప్పల్లో ఒక్క చేప కూడా తేడా రాలేదు.