రెండో చీటీ

  

నేను మానసిక వైద్యుణ్ణి. ముప్పయ్యేళ్ల కిందట, ఓపీలో కొత్తగా కూర్చున్న రోజుల్లో, ఒక టీచరమ్మ వచ్చారు. వేకువన మూడింటికే మెలకువ. అన్నం సయించదు. పిల్లల ముందు నిలబడితే పాఠం గుర్తురాదు. వాళ్లాయన "నరాల బలహీనతండీ" అన్నారు. కుంగుబాటు మందు ఫ్లువాక్సెటిన్ రాశాను. పొద్దున్నే ఒకటి వేసుకోమని చెప్పి తర్వాతి రోగిని పిలిచాను.

ఆవిడ మళ్లీ కనిపించింది ఎనిమిది నెలలకు, బాగా చిక్కిపోయి. మాత్ర వేసుకోగానే కడుపులో తిప్పిందట, ఉన్న కాస్త నిద్రా పోయిందట. ఐదో రోజున మానేశారు. "నాకు మందులు కూడా పనిచేయవని తెలిసిపోయిందండీ" అన్నారు. ఆ మాట నా వల్ల వచ్చింది. ఇబ్బందులు ముందు వస్తాయి, గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఇది పడకపోతే ఇంకోటి ఉంది అని ఒక్క నిమిషం చెప్పలేదు నేను. ఆ నిమిషానికి ఆవిడ ఎనిమిది నెలలు కట్టారు.

ఎవరికి ఏ మందు పడుతుందో ముందే తేల్చి చెప్పే రక్తపరీక్ష మనకింకా లేదు. ఇచ్చి, ఓపిగ్గా గమనించాల్సిందే. కుంగుబాటు మందు ఇమిప్రమిన్ అలాగే దొరికింది. స్కిజోఫ్రీనియాకు పనికిరాదని తేలిన మందును స్విట్జర్లాండులో రోలండ్ కూన్ అనే మానసిక వైద్యుడు కుంగిపోయిన రోగులకు ఇచ్చి, దగ్గరుండి చూసి, 1957లో లోకానికి చెప్పాడు. అమెరికాలో సుమారు 4,000 మంది కుంగుబాటు రోగులతో జరిగిన స్టార్-డి అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నవాళ్లు దాదాపు మూడో వంతే. మందు మార్చినా, ఇంకోటి కలిపినా, రెండో మెట్టు దగ్గర ఇంకొంతమంది తేరుకున్నారు. ఆ తర్వాతి మెట్ల లెక్కల మీద వాదాలు నడుస్తూనే ఉన్నాయి. మొదటి మందుల చీటీతో పని అయిపోదన్న దాని మీద మాత్రం వాదం లేదు.

నా బెంగంతా ఆ రెండో చీటీ గురించే. వైద్య పట్టాలు అందుకోబోతున్న నాయనలారా, తల్లులారా, రేపు మీ ఓపీలోనూ వంద మంది నిలబడతారు. తొందరుంటుంది, నాకు తెలుసు. అయినా రెండు వారాలకు రమ్మని తారీఖు వేసి ఇవ్వండి. పాతికేళ్ల లోపు వాళ్లయితే ఇంకా ముందే పిలవండి, మొదట్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, విపరీతమైన హుషారుతో రోజుల తరబడి తిరిగారా అని అడగండి. అది బైపోలార్ అయితే ఉత్త కుంగుబాటు మందు ఉన్మాదాన్ని లేపొచ్చు. థైరాయిడ్ చూడండి. ఇంట్లో ఎవరికైనా ఇదే జబ్బుకు ఏ మందు పనిచేసిందో కనుక్కోండి. సరైన మోతాదుకు చేరకముందే పనిచేయలేదని తేల్చేయకండి. "ఇవి అలవాటైపోతాయా డాక్టరుగారూ?" అని భయపడుతూ అడిగినవాళ్లను కసురుకున్నారని నా చెవిన పడితే మాత్రం ఊరుకోను! మత్తుమందులా వెంటాడవు, కానీ ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, చిరాకు పుడుతుంది, మెల్లగా తగ్గిస్తూ ఆపుదాం అని చెప్పండి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలని చెప్పండి.

మీలోనూ హాస్టల్ గదిలో ఈ చీకటి చూసినవాళ్లు ఉంటారు. స్నేహితుణ్ణి అడిగి మాత్ర వేసుకోకండి, వైద్యుడి దగ్గరకు వెళ్లండి. అర్ధరాత్రి ఎవరూ తోచకపోతే ఫోనులో సాయం చేసే టెలి మానస్ ఉంది, నంబరు 14416.

టీచరమ్మకు ఆ తర్వాత ఇంకో మందు ఇచ్చాను, మోతాదు పెంచాను, లాభం లేకపోయింది. మూడోది మొదలుపెట్టిన ఆరో వారంలో వాళ్లాయన ఒక్కరే నా గదిలోకి పరుగున వచ్చారు. "పొద్దున పాలవాడితో దెబ్బలాడిందండీ! నీళ్లు కలిపావని వీధి గుమ్మంలో నిలబెట్టి కడిగేసింది!" కళ్లు తుడుచుకుంటున్నారాయన. ఆవిడ కేసు కాగితంలో ఆ రోజు తారీఖు కింద అదే రాసుకున్నాను, పాలవాడితో దెబ్బలాడింది అని.