కంది క్యాలెండర్ చూడదు, చీకటిని చూస్తుంది

ఈరోజు ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా.

అప్పట్లో నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. మా ఊరు మార్కాపురం దగ్గర. ఆ ఏడాది ఖరీఫ్ వానలు ముఖం చాటేశాయి. సెప్టెంబర్ చివర్లో గానీ మంచి పదును రాలేదు. నాన్న ఫోన్ చేసి, "కంది వేద్దామనుకుంటున్నా రా, ఇంట్లో విత్తనం ఉంది" అన్నారు. ఎన్ని రోజుల పంట అని అడిగా. ఆరు నెలలు అన్నారు. వెంటనే ఎక్సెల్ ఓపెన్ చేసి సెప్టెంబర్ 25కి 180 రోజులు కలిపా. మార్చి 24 వచ్చింది. "మార్చి దాకా మన చేలో తడి ఎక్కడుంటుంది నాన్నా, వేయొద్దు" అని గట్టిగా చెప్పేశా. కొడుకు బీటెక్ కదా, నమ్మారు. చేను బీడు పడింది.

పక్క చేలో మా పెదనాన్న అదే విత్తనం వేశారు. సంక్రాంతికి ఊరెళ్లి చూస్తే, చెట్లు పొట్టిగానే ఉన్నాయి కానీ నిండా కాయ. ఫిబ్రవరిలో కోసేశారు. "ఏరా అబ్బాయ్, నీ కంప్యూటర్ ఏమంది?" అని నవ్వారు. నాన్న మాత్రం ఏమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మరి 180 రోజుల పంట ఐదు నెలల్లోపే ఎలా చేతికొచ్చింది? నా లెక్కలో తప్పు లేదు, నేను అనుకున్నదే తప్పు. పంటకాలం అంటే ఫోన్‌లో పెట్టుకున్న టైమర్ లాంటిది అనుకున్నా. కాదు. అది ఒక ఇఫ్ కండిషన్. "రాత్రి ఇంతకంటే పొడుగైతే, పువ్వు వెయ్యి." అంతే.

మన మార్కాపురం, గిద్దలూరు వైపు జూన్ 21న పగలు సుమారు 13 గంటలు. డిసెంబర్ 21న సుమారు 11 గంటల 10 నిమిషాలు. తేడా రెండు గంటలు కూడా లేదు, మనం గమనించం. కంది గమనిస్తుంది. జూన్‌లో వేస్తే పగలు పొడుగు కాబట్టి కొమ్మలు వేసుకుంటూ పెరుగుతుంది, పువ్వుకి తొందరపడదు. సెప్టెంబర్ చివర్లో వేస్తే రాత్రులు అప్పటికే పొడుగు. మొక్క చిన్నగా ఉండగానే కండిషన్ ట్రూ అయిపోతుంది, పూత మొదలు. అందుకే రబీ కందిని దగ్గర దగ్గరగా వేయమంటారు. చెట్టు చిన్నది కాబట్టి సంఖ్యతో సరిపెట్టుకోవాలి.

ఇదంతా మొక్కలో ఎక్కడ జరుగుతుంది? రాత్రి పొడవుని కొలిచేది ఆకు. పువ్వు వచ్చేది కొమ్మ చివర. మధ్యలో మెసేజ్ వెళ్లాలి కదా. ఎఫ్‌టీ అనే జన్యువు ఆన్ అయితే ఆకులో ఒక ప్రోటీన్ తయారై, కొమ్మ చివరికి చేరి "ఇక ఆకులు చాలు, పువ్వు వెయ్యి" అని చెప్తుంది. దీన్నే ఫ్లోరిజెన్ అంటారు. వరి, గోధుమ లాంటి ఎన్నో పంటల్లో ఈ కుటుంబం జన్యువులే ఈ పని చేస్తాయి. దాన్ని ఎప్పుడు ఆన్ చేయాలి అన్న రూల్ మాత్రం పంటని బట్టి మారుతుంది.

ఈ రూల్స్‌ని బాగా చదివింది గోధుమలో. గోధుమది కందికి రివర్స్, పగలు పొడుగైతేనే పూస్తుంది. చలికాలపు రకాలైతే ముందు కొన్ని వారాలు చలి కూడా తగలాలి. దాన్ని చూసుకునే జన్యువు వీఆర్‌ఎన్1. పగటి పొడవుని చూసేది పీపీడీ1. ఈ పీపీడీ1 ముందుండే డీఎన్‌ఏలో సుమారు 2,000 అక్షరాలు ఊడిపోయిన రకాలు ఉన్నాయి. అవి పొడుగు పగళ్ల కోసం ఆగవు.

నార్మన్ బోర్లాగ్ పేరు వినే ఉంటారు. 1940లలో ఆయన మెక్సికోలో ఏడాదికి రెండు పంటలు తీయడానికి ఒకే గోధుమని సొనోరాలో ఒకసారి, తొలూకా కొండల మీద ఒకసారి వేసేవారు. రెండు చోట్లా పగటి పొడవు వేరు. రెండు చోట్లా సరిగ్గా పూసిన మొక్కలే మిగిలాయి. అంటే జన్యువు పేరు కూడా తెలియకుండానే, పగటి పొడవుని పట్టించుకోని గోధుమని ఆయన ఏరేశారు. 1966లో మన దేశం తెప్పించుకున్న 18,000 టన్నుల విత్తనం ఆ పనిలోంచి వచ్చిందే. పొట్టి గోధుమ అని అందరూ చెప్తారు, ఈ సంగతి ఎక్కువమంది చెప్పరు.

మరి కంది సంగతి? పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జన్యుపటం 2011లో బయటికొచ్చింది. చదివింది ఆశ అనే రకాన్ని. దొరికిన జన్యువులు 48,680. పగటి పొడవుతో పెద్దగా పని లేకుండా వంద రోజుల్లోపు కోతకొచ్చే కంది కూడా అక్కడ తయారైంది.

"అయితే అందరం అదే వేసేద్దాం బ్రో" అంటారా? ఆగండి. జూన్‌లో వేసి తొందరగా పూస్తే, పూత సరిగ్గా వానల్లో పడుతుంది. పూత రాలుతుంది, మారుకా మచ్చల పురుగు పండగ చేసుకుంటుంది. పైగా చిన్న చెట్టుకి ఒక్క పూత పోతే మళ్లీ లేచే ఓపిక తక్కువ. లేటుగా పూసే కంది సోమరిది కాదు, వానలు వెళ్లేదాకా ఆగడం దాని తెలివి. కాకపోతే నేల తడి ముందే అయిపోతే ఆ తెలివే దెబ్బ కొడుతుంది.

అందుకే విత్తనం కొనేటప్పుడు "ఎన్ని రోజుల పంట?" అని మాత్రమే అడగకండి. "ఏ నెలలో వేస్తే అన్ని రోజులు?" అని అడగండి. రైతు సేవా కేంద్రంలో అడగండి, దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఊళ్లో పెద్దవాళ్లని ముందు అడగండి. మా పెదనాన్నకి ఎఫ్‌టీ అంటే తెలియదు. "పొద్దు తగ్గితే కంది ఆగదురా" అని మాత్రం తెలుసు. నా దగ్గర ఎక్సెల్ ఉంది, ఆ ఒక్క కాలమ్ లేదు.

మీ ఊళ్లో కంది ఎప్పుడు వేస్తారు, ఎప్పుడు పూస్తుంది? కామెంట్‌లో రాయండి. ఈ వీడియో మీ నాన్నకి పంపండి. ఆయనకి ఇదంతా ముందే తెలిసి ఉంటే, ఆయన చెప్పింది మాకు పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.