వచ్చినవారు, వెళ్లవలసినవారు
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ నూరేండ్ల పండుగలో, సముద్రము దాటి మన మధ్యకు వచ్చినవారిని మనము మొదట తలచుకొనుచున్నాము. అది న్యాయమే. అయితే వారు మనకు ఇచ్చినదేమి? ధనమును ఇంటనుండియే పంపవచ్చును. వారు ఇచ్చినది తమ ఆయుష్కాలము.

డాక్టర్ అన్నా కూగ్లర్ అమ్మగారు అమెరికా నుండి 1883లో గుంటూరు వచ్చారు. ఆమె వైద్యురాలే అయినను, మిషను మొదట ఆమెకు అప్పగించినది బడుల పని, స్త్రీల మధ్య పరిచర్య. అప్పగించిన పని చేస్తూనే రోగులను చూశారు. ఆసుపత్రి తెరచినది 1898లో, అనగా పదునైదేండ్లకు! నాలుగు నెలలు చూచి పోదామని వచ్చియుంటే ఆ దినము ఆమె కంటబడేది కాదు. 1930లో గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు.

మరి మన తట్టు నుండి ఎవరు వెళ్లారు? వెళ్లారు. మద్రాసు నుండి కూలీల మొదటి ఓడ 1860లో దక్షిణాఫ్రికాలోని నాటాలు చేరింది. ఆ తరువాత తెలుగువారు అనేకులు చెరకు, తేయాకు తోటలలో ఒప్పందపు కూలీలైనారు. వారి కొరకు 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు కుటుంబముతో వెళ్లారు. పంపినది విదేశీ బోర్డు కాదు, తెలుగు బాప్తిస్టు సంఘముల హోం మిషను సొసైటీ. కియర్స్‌నీ తోటలో సంఘము కట్టారు. 1915లో మరణించువరకు ఆ ప్రజలతోనే ఉన్నారు. మన డినామినేషను కాకపోయినను, ఈ మాట విని మనము సిగ్గుపడవలెను, ధైర్యమును తెచ్చుకొనవలెను.

ఏలయనగా, కుమారునికి విదేశములో ఉద్యోగము వస్తే మనము కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటాము. అదే కుమారుడు, "నాన్నగారూ, అక్కడి బీద జనుల మధ్య మూడేండ్లు సేవ చేస్తాను" అంటే, "ఇక్కడ సేవ లేదా?" అంటాము. కాపరులమైన మేము కూడ అలాగే అన్నాము. ఒప్పుకొనుచున్నాము.

వెళ్లువాడు మొదట ఆ భాష నేర్చుకొనవలెను. అక్కడి సంఘపు పెద్దలకు లోబడవలెను. అక్కడివారు చేయగల పనిని వారి చేతిలోనుండి తీసికొనక, వారికి నేర్పి రావలెను. పౌలు కొరింథులో ఏడాదిన్నర నిలిచి, డేరాలు కుట్టి, తన చేతులతో బ్రదికాడు గదా! ఇక ఇంటనున్న తలిదండ్రుల మందు, ఒంటరితనము సంఘము భరించవలెను. అదియు పంపుటలో భాగమే.

రెండవ నూరేండ్లలో మనము పుచ్చుకొను సంఘముగా గాక పంపు సంఘముగా ఉండునట్లు ప్రభువు కృప దయచేయును గాక. ఆమేన్.